కెమెరా కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బోల్టుల కింద వేసే వాషర్లను కెమెరాతో తనిఖీ చేసి, మంచివాటినీ పాడైనవాటినీ వేరుచేసే యంత్రాన్ని నిలబెట్టే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఏ కెమెరా కొనాలని అడిగావు. దానికంటే ముందు ఏది లోపమో తేల్చుకో. రెండు వందల పీసులను తీసుకుని, అవే పీసులని చెప్పకుండా, మీ తనిఖీ మనుషుల చేత ఉదయం ఒకసారి, మరునాడు ఒకసారి వేరుచేయించు. నిన్న తీసిపారేసిన పీసును అదే మనిషి నేడు మంచిదనడం చూస్తావు. మనుషులు తేల్చుకోలేని హద్దును యంత్రం తనంతట తాను తేల్చదు కనుక, గీతపడిన పీసుల్లో అంగీకరించదగిన చివరిదాన్నీ, అంగీకరించరాని మొదటిదాన్నీ నమూనాలుగా పక్కన పెట్టి, కొనుగోలుదారు చేత ఒప్పించుకో.

ఆ తరువాత వెలుతురు. ఈ పనిలో నా కాలం ఎక్కువ భాగం దీనికే పోయింది, అది వృథా అని ఎన్నడూ అనుకోలేదు. కొలతలు కావాలంటే వెనుక నుంచి వెలుగు పెట్టు. పీసు నల్లని నీడలా, అంచు స్పష్టంగా కనబడుతుంది. దానికి టెలిసెంట్రిక్ లెన్సు తోడైతే పీసు కాస్త ఎత్తులో ఉన్నా కొలత మారదు. గీతలు కావాలంటే దాదాపు తలానికి ఆనుకుని పక్క నుంచి వచ్చే వెలుగు పెట్టు. నునుపైన తలం చీకటిగా ఉండి గీత మాత్రమే మెరుస్తుంది. మెరిసే లోహం మీద తళుకు చికాకు పెడితే అన్ని వైపుల నుంచీ మెత్తని వెలుగు పరిచే, బోర్లించిన గిన్నెలాంటి డోమ్ లైటు వాడు, కానీ అదే డోమ్ కింద సన్నని గీత మాయమవుతుందని మరచిపోకు. అన్ని లోపాలనూ ఒకే దీపంతో పట్టాలనే ఆశ వదులుకుని, రెండు మూడు చోట్ల వేర్వేరు కెమెరాలు పెట్టు.

లెక్క కూడా వేసుకో. 20 మిల్లీమీటర్ల వెడల్పును 2000 పిక్సెళ్లతో చూస్తే ఒక్కో పిక్సెల్ 0.01 మి.మీ. పీసులను కెమెరా ముందుకు మోసుకెళ్లే, తిరిగే గాజు డిస్కు మీద పీసు సెకనుకు 500 మి.మీ. వేగంతో వెళుతుంటే, కెమెరా వెలుతురును పట్టే ఒక మిల్లీసెకను ఎక్స్‌పోజర్‌లో అది అర మిల్లీమీటరు, అంటే 50 పిక్సెళ్ల దూరం జరిగి చిత్రం అలుక్కుపోతుంది. 20 మైక్రోసెకన్ల ఫ్లాష్ ఇస్తే ఒక్క పిక్సెలే జరుగుతుంది.

వేరుచేసే చోటే నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. చెడ్డ పీసును గాలి నాజిల్ ఊదిపారేసేలా, మిగిలినవి వాటంతటవే మంచి డబ్బాలో పడేలా అమర్చాను. ఒక రాత్రి గాలి పీడనం పడిపోయింది. కెమెరా ప్రతి చెడ్డ పీసునూ సరిగ్గానే గుర్తించింది, అవన్నీ మంచివాటితో కలిసిపోయాయి. అప్పటినుంచి మంచి పీసును మాత్రమే ఊదుతాను. ఊదనిదేదైనా, అసలు చూడనిదైనా, ఒకదానికొకటి ఆనుకుని వచ్చినదైనా, రిజెక్ట్ డబ్బాకే పోవాలి. నాజిల్ సమయాన్ని గడియారంతో కాక, డిస్కు ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ లెక్కతో నడుపు, డిస్కు వేగం మారినా గురి తప్పదు.

రిజెక్ట్ డబ్బాను ప్రతిరోజూ నీవే తెరిచి చూడు. పదివేల పీసుల్లో పది చెడ్డవి ఉండి, యంత్రం మంచివాటిలో నూటికి ఒకటి పొరపాటున తోసేస్తే, ఆ డబ్బాలో పది చెడ్డవాటి పక్కన దాదాపు వంద మంచివి ఉంటాయి. అది చూసిన పనివారు యంత్రాన్ని నమ్మడం మానేసి డబ్బాను తిరిగి, పీసులను వరుసగా యంత్రానికి అందించే బౌల్ ఫీడర్‌లో కుమ్మరిస్తారు; వారిని తప్పు పట్టలేం. అనుమానపు పీసులకు మూడో డబ్బా పెట్టు. ప్రతి షిఫ్టు మొదట్లో గాజు మీది నూనె తుడిపించి, తెలిసిన చెడ్డ నమూనాలను యంత్రంలో వేసి, అన్నీ పట్టుబడ్డాకే పని మొదలుపెట్టించు.

కెమెరా విషయానికొస్తే, నీ హద్దు నమూనాలనే అమ్మకందారులకు పంపి, తీసిన చిత్రాలు చూపించమను. ఆ చిత్రాలు వచ్చాక నాకూ పంపు, కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య