తుప్పు పట్టిన బంపర్‌కు షాపువారిది బాధ్యత కాదా?

ప్రశ్న: నరసాపురం దగ్గర సొంత మినీ గూడ్స్ బండి నడుపుతూ రొయ్యల పెట్టెలు తోలుకుని బతుకుతున్నాను. ముందు బంపర్ దెబ్బతింటే అదే కొలతలతో ఉక్కు బంపర్ చేయించాను. గాల్వనైజింగ్ (జింకు పూత) చేసి పైన పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో కరిగించి అతికించే పూత) వేస్తామని, మూడేళ్లు తుప్పు రాదని షాపువారు అన్నారు. ఏడాది తిరగకుండానే పొక్కులు లేచాయి. ఉప్పుగాలికి తామేం చేస్తామంటున్నారు. కేసు వేయవచ్చా? ఈసారి ఏ పూత మంచిది?

జవాబు: వేయవచ్చు. ఉప్పుగాలి అన్న సాకు వారికే అడ్డం తిరుగుతుంది. బండి దేనికి వాడతారో ముందే చెప్పి, వారి పనితనాన్ని నమ్మి మీరు కొన్నప్పుడు, ఆ అవసరానికి సరుకు తగినదై ఉండాలన్న షరతు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, బిల్లులో రాయకపోయినా, ఆ బేరంలో ఇమిడి ఉంటుంది. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే బండి నడుపుతున్నారు కనుక 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు వినియోగదారులే. జీతగాళ్లను పెట్టి పది బండ్లు తిప్పే యజమానికి ఇంత సులువు కాదు.

అసలు చిక్కు రుజువు దగ్గర ఉంది. పౌడర్ కోటింగ్ ఉక్కుకు తొడుగు మాత్రమే. రాయి తగిలి చిట్లితే తేమ దాని కిందికి పాకుతుంది. కరిగిన జింకులో ముంచి చేసే గాల్వనైజింగ్‌లో, గీత పడ్డ చోట కూడా చుట్టూ ఉన్న జింకు ముందుగా తాను తినబడుతూ ఉక్కును కాపాడుతుంది. అందువల్ల చిట్లని పూత కిందనే ఎర్రతుప్పు కనిపిస్తే, జింకు వేయలేదనో చాలీచాలకుండా వేశారనో గట్టిగా అనుమానించవచ్చు. జింకు ఉండి పై పూత మాత్రమే ఊడుతుంటే, కోటింగ్‌కు ముందు ఉపరితలాన్ని సరిగా సిద్ధం చేయలేదని వాదించవచ్చు. ఏది నిజమో తేలేది పరీక్షలోనే. వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద నమూనాను ప్రయోగశాలకు పంపే అధికారం, ఇలాంటి ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషన్‌కు ఉంది కనుక, తొందరపడి బంపర్‌ను గీకించి రంగు వేయించకండి. తేదీలతో ఫొటోలు, ఫోన్‌పే చెల్లింపు వివరాలు, వాట్సాప్ సందేశాలు దాచండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే.

కొత్తగా చేయించేటప్పుడు, మెరుపు చూసి క్రోమ్ పూత జోలికి పోవద్దని నా సలహా. ఐసు కరిగిన ఉప్పునీరు కారే బండిపై దానికి త్వరగా గుంటలు పడతాయి. వెల్డింగ్, రంధ్రాలు అన్నీ ముగించాకే భారతీయ ప్రమాణం ఐఎస్ 4759 ప్రకారం గాల్వనైజింగ్, ఆపై పౌడర్ కోటింగ్ అని, పూత మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎంతో, హామీ ఎన్నేళ్లో బిల్లులో రాయించండి. బంపర్ ముందు అదనంగా క్రాష్ గార్డ్ మాత్రం వద్దు: అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది; అదే చట్టం 182ఎ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే, వివాద కారణం తలెత్తిన రెండేళ్లలోపు, షాపు ఎక్కడున్నా సరే, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షలు దాటనంతవరకు ఫీజు ఉండదు.