పంచాయితిల కూసునే ముందు ఇది సదువు చెల్లె

"తల్లిగారింటికి వచ్చేసిన, ఇప్పుడు కొట్టేటోళ్లు లేరు, అయినా గేటు చప్పుడైతే గుండె దడదడ అంటది, ఒక్కోసారి మళ్లా ఆయన దగ్గరికే పోవాలనిపిస్తది, నాకేమన్న పిచ్చా, మావోళ్లు పంచాయితి పెడ్తమంటున్నరు" అని అడిగినవ్ కదా. పిచ్చి గాదు. మాది పరకాల దిక్కు, నేను గూడ ఇదంతా పడ్డదాన్నే, ఇప్పుడు హన్మకొండల కిరాయికుంటున్న, బిడ్డను సదివించుకుంటున్న.

ఎప్పుడు దెబ్బ పడ్తదో అని ఏండ్లకేండ్లు చెవులు రిక్కించుకోని బతికినం, ఇల్లు మారంగనే ఒళ్లు మర్వదు. నాకైతే బండి చప్పుడు. ఆయన బండి కాదని తెల్సు, అయినా చేతుల గిన్నె జారేది. మా అమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టిచ్చింది, పాపం ఆమెకు తెల్సింది అదే. నాకు పనిచేసింది కౌన్సిలింగ్, అది గూడ మొదట్ల పోయి ఏడ్చి వచ్చుడే, నోట్లె నుంచి మాట రాలే, మెల్లగ చెప్పుకున్న. నిద్ర పట్టకపోయినా, సావాలనిపించినా 14416 కు ఫోన్ కొట్టు, టెలీ మానస్ అంటరు, పైసలు తీస్కోరు, తెలుగుల మాట్లాడ్తరు. డాక్టర్ గోలీలు రాస్తే ఏస్కో, ఎవలేమన్నా అననియ్.

మళ్లా పోవాలనిపించుడు గూడ మామూలే. కొట్టిన తెల్లారి చీర తెచ్చి కాళ్ల మీద పడి ఏడ్చేటోడు మాయన, ఆ ఏడుపు అబద్ధమని నేననను, కానీ ఆ మంచి దినాల మీద ఆశతోనే అన్నేండ్లు ఆడ ఉన్న.

ఇగ పంచాయితి. నా మటుకు నాకు దాని మీద నమ్మకం లేదు. "కొట్టిండా" అని అడుగరు, "ఎందుకు కొట్టిండు" అని అడుగుతరు, ఇద్దరి దిక్కు మొగోళ్లే కూసుంటరు, ఆఖరికి "పిల్లల మొఖం జూసి సర్దుకపో" అంటరు. కాయితం రాసి సంతకం పెట్టుమంటే పెట్టకు, వకీలుకు చూపిచ్చినంకనే అను. ఆడోళ్లకు వకీలు ఫ్రీ, ఎంత జీతమున్నా సరే, కోర్టుల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటది, 15100 కు చేసినా చెప్తరు.

నేను ఫస్టు ఒక స్టేషన్‌కు పోతే "మీ ఇంటి లొల్లి మీరే తెంపుకోండ్రి" అన్నరు. మా పొదుపు సంఘంల ఒకామె, నాకు చుట్టం గాదు పక్కం గాదు, కూలి ఇడిసిపెట్టుకోని నా ఎంబడి సఖి సెంటర్‌కు వచ్చింది, హింస పడ్డ ఆడోళ్ల కోసం సర్కారు పెట్టింది అది. ఏం సలహా చెప్పలే, పక్కన కూసుంది అంతే. సొంత అన్నలు రాలే. నీక్కూడ ఎవలో ఒకలుంటరు, నీ ముచ్చట విని తీర్పు చెప్పనోళ్లను చూస్కో, చుట్టమే కావాలని లేదు. 181 ఆడోళ్ల హెల్ప్‌లైన్, దానికి చేస్తే మీ జిల్లా సఖి సెంటర్ ఏడుందో చెప్తరు, కౌన్సిలింగ్, కేసు సాయం ఆడనే, ఇంట్ల ఉండలేని పరిస్థితైతే కొన్ని దినాలు ఉండనిస్తరు.

కేసంటే మొగని జైల్ల ఏసుడే అని మా అమ్మ భయపడ్డది, మీ అమ్మ గూడ అట్లనే అనుకుంటుండొచ్చు. జైలు కేసు వేరే, పాత ఐపీసీల 498ఏ సెక్షన్, 2024 జులై నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్‌ల 85 సెక్షన్ అయింది. 2005 గృహహింస చట్టం అట్ల కాదు, కొట్టుడొక్కటే గాదు, తిట్టుడు, నీ జీతం గుంజుకునుడు, ఖర్చులకు ఇయ్యకపోవుడు గూడ అండ్ల హింసనే. ఈ చట్టం కింద సర్కారు పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ నీ ముచ్చట డీఐఆర్ అని, అంటే గృహహింస రిపోర్టు, రాసి మెజిస్ట్రేట్‌కు పంపుతరు, దగ్గరికి రావద్దని, ఖర్చులియ్యాలని, ఆ ఇంట్ల ఉండనియ్యాలని జడ్జి ఆర్డర్ ఇయ్యొచ్చు. రక్షణ ఆర్డర్ దాటితే అప్పుడు ఏడాది దాక జైలు.

నీ సర్టిఫికెట్లు, పెండ్లిల పెట్టిన బంగారం ఆడనే ఉంటే పంచాయితిల బతిమిలాడకు, డీఐఆర్‌ల రాయించు, వాపస్ ఇప్పిచ్చే అధికారం గూడ ఆ జడ్జికుంటది. ఇంకోటి, నీ ఫోన్ల ఆయన పెట్టిన జీమెయిల్ ఉన్నదేమో చూడు, ఉంటే నీ ఫోన్ల ఏం చేస్తున్నవో ఆయనకు తెలుస్తుండొచ్చు, అందుకే 181 కు చేసేటప్పుడు మీ అమ్మ ఫోన్ నుంచి చెయ్యి.