అతుక్కోని రెండో తుపాకి

ప్రశ్న: బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే వార్‌హామర్ 40,000 అనే యుద్ధపు ఆటకు యంత్రయోధుడి బొమ్మను కూర్చుతున్నాను. ఆయుధాలు మార్చుకునేందుకు వీలుగా భుజంలోనూ రెండు తుపాకుల్లోనూ అయస్కాంతాలు అమర్చాను. ఒక తుపాకి చక్కగా అతుక్కుంటోంది, రెండోది దగ్గరికి తెస్తేనే పక్కకు తిరిగిపోతోంది. కారణమేమిటి?

జవాబు: రెండో తుపాకిలోని అయస్కాంతపు బిళ్ళ తిరగబడింది, సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి కదా. దాన్ని తీసి, భుజంలోని అయస్కాంతానికి అంటించి, మీకు కనిపించే ముఖం మీద మార్కరుతో చుక్క పెట్టి, ఆ చుక్క రంధ్రం అడుగుకు పోయేలా తిరిగి అతికించండి. ఇకపై చేసే బొమ్మలన్నిటి భుజాల్లోనూ ఒకే ధ్రువం బయటికి ఉంచితే, ఏ తుపాకినైనా ఏ బొమ్మకైనా తగిలించవచ్చు.

కాల్బలం చేతులకు 2 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం గల నియోడిమియం (బలమైన అయస్కాంత రకం) బిళ్ళలు సాధారణంగా సరిపోతాయి. బరువైన యంత్రాలకు 5 మిల్లీమీటర్లవి నయం. చేతితో తిప్పే డ్రిల్‌తో ముందు సన్నని రంధ్రం చేసి, తరువాత పెద్దది చేస్తే కేంద్రం తప్పదు. బిళ్ళను ఉక్కు పట్టకారుతో నొక్కకండి, జిగురుతో సహా దానికే అంటుకుని బయటికి వచ్చేస్తుంది, చెక్కపుల్ల వాడండి. సూపర్ గ్లూ పూర్తిగా గట్టిపడే దాకా రెండు భాగాలనూ దగ్గరికి చేర్చవద్దు. ధ్రువాల గొడవే వద్దనుకుంటే తుపాకి వైపు ఇనుప ముక్క పెట్టవచ్చు గాని, పట్టు కొంత తగ్గుతుంది.

పసిపిల్లలున్న ఇంట్లో మిగిలిన బిళ్ళలను తాళం వేసి ఉంచాలి. ఒకటికి మించి మింగితే అవి పేగుల గోడల మీదుగా ఆకర్షించుకుని రంధ్రాలు చేస్తాయి.