థెరపీ సెంటర్ మార్చే ముందు ఈ కాగితం అడగండి

ఆరు నెలలుగా థెరపీ చేయిస్తున్నా నాలుగేళ్ల బాబులో మార్పు లేదు, కొత్తగా చూసిన రెండు సెంటర్లలో ఏది మేలు అని అడిగారు కదా. రాసిపెట్టిన లక్ష్యాలు లేకుండా, మిమ్మల్ని తలుపు బయట కూర్చోబెట్టి సెషన్లు నడపడం కూడా దీనికి ఒక కారణం కావచ్చండి.

1. రెండు చోట్లా రాతపూర్వక ప్లాన్ అడగండి. చాలామంది వదిలేసేది ఇదే. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాసిస్తే ఉపయోగం లేదు. "దాహమేస్తే తనంతట తానే గ్లాసు చూపించాలి, పదిసార్లకు ఎనిమిదిసార్లు" అన్నట్టు ఉండాలి. ఇప్పుడు ఎన్నిసార్లు చూపిస్తున్నాడో కూడా పక్కనే రాయించుకోండి. అది లేకపోతే మూడు నెలల తర్వాత దేనితో పోల్చి చూస్తారు?

2. ఒక సెషన్ లోపల కూర్చుని చూస్తామనండి. ససేమిరా అంటే ఆ సెంటర్ వద్దు. బాబు ఏడిస్తే ఏం చేస్తున్నారో గమనించండి. అదే పని ఇంట్లో ఎలా చేయించాలో మీకు నేర్పుతారా అన్నది ఫీజు కంటే ముఖ్యం.

3. స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్టుల ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్లు అడగండి.

4. "పూర్తిగా నయం చేస్తాం" అనేవాళ్ల జోలికి పోవద్దు.

ఇంకా తేలకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీలో అసెస్‌మెంట్ చేయించండి. ఆ రిపోర్టు పట్టుకుని వెళ్తే ఏ సెంటర్‌తోనైనా మాట్లాడటం తేలిక. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాల్లో ఏదైనా ఉన్నట్టు వైకల్య ధ్రువపత్రం ఉంటే, కేంద్రం వారి నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాకు అప్లై చేయండి, థెరపీ ఖర్చులో కొంత వస్తుంది.