ఇస్కపల్లి ఉప్పు మడులు చూడాలంటే

కార్తీకంలో పిల్లలతో నెల్లూరు జిల్లా తీరంలోని ఇస్కపల్లి వెళితే వాననీరు తప్ప ఉప్పు కనిపించలేదని రాశారు. తప్పు మీది కాదండీ, కాలానిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మడులను ముంచేస్తాయి. మార్చి, మే నెలల మధ్య తెల్లవారగానే వెళ్లండి. ఎండెక్కితే గట్టు మీద నిలబడలేరు. తెల్లవారే వేళకే కూలీలు పొడవాటి కర్రకు బిగించిన పలకతో ఉప్పును గట్టుకు లాగుతుంటారు. వాళ్లనడిగి ఒక్క ఉప్పుకల్లు పిల్లల అరచేతిలో పెట్టించండి. తడి ఆరకముందు గాజుముక్కలా మెరుస్తుంది!

దగ్గర్లోని బకింగ్‌హాం కాలువను మాత్రం వదలకండి. 1806లో మద్రాసు వద్ద మొదలై అంచెలంచెలుగా ఉత్తరానికి సాగిన కాలువ ఇది. లారీలు రాకముందు ఉప్పు, కట్టెలు పడవల్లో మద్రాసు చేరింది దీని మీదే. పిల్లలకు అక్కడే నిలబడి చెప్పండి.