నవంబరులో వైజాగ్ వస్తే గోస్తని వెంట వెళ్లండి

నవంబరు మొదటి వారంలో మూడు రోజులకు హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నామని, మీ అమ్మగారూ ఎనిమిదేళ్ల పాపా వెంట ఉంటారని రాశారు. బీచ్‌లు ఎలాగూ చూస్తాం, పాపకు పొలాలు, పచ్చదనం చూపించాలని ఉంది, అరకు ఒక్కరోజులో అయిపోతుందా అని అడిగారు.

నేను పుట్టి పెరిగింది వైజాగ్‌లోనే. మా అత్తగారి ఊరు పద్మనాభం దగ్గర, గోస్తని ఏటి ఒడ్డున. అందుకని ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

అరకు ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. కానీ వద్దు. సుమారు 115 కిలోమీటర్లు, అందులో సగం దాకా ఘాట్ రోడ్డు. మేము ఒక ఏడాది హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలను తీసుకుని తెల్లవారుజామున ఐదింటికి కారులో బయల్దేరాం. ఆదివారం కావడంతో ఘాట్‌లో బండి వెనక బండి. పిల్లలకు వాంతులు. బొర్రా గుహల దగ్గర క్యూ. పసుపు పూల వలిసె పొలాలను కారు అద్దంలోంచే చూశాం. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరేసరికి ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు. కొండ మీద ఒక రాత్రి ఉండగలిగితేనే అరకు పెట్టుకోండి. మీకు మూడు రోజులున్నాయి కాబట్టి అది కుదురుతుంది.

నా సలహా ఏమిటంటే, ఊళ్ల పేర్లు కాకుండా ఒక ఏటిని పట్టుకోండి. గోస్తని అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల దగ్గర రాళ్లలోంచి పారి, కిందికి దిగి, తాటిపూడి జలాశయం నింపి, పద్మనాభం పొలాల పక్కనుంచి సాగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీరు సముద్రం దగ్గర మొదలుపెట్టి ఎదురు వెళ్లండి. పాపకు ఏరు ఎక్కడ ముగుస్తుందో ముందు చూపించి, ఎక్కడ పుడుతుందో తర్వాత చూపించవచ్చు. మా అమ్మాయికి అలాగే చూపించాను. ఇప్పటికీ కుళాయి తిప్పితే "నాన్నా, ఇది తాటిపూడి నీళ్లేనా?" అని అడుగుతుంది. తాటిపూడి నీళ్లు మా నగరానికి వస్తాయి కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే.

మొదటి రోజు ఉదయాన్నే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర తప్పకుండా ఆగండి. వేలాది ఏళ్లుగా గాలీ సముద్రమూ పోగేసిన ఎర్ర ఇసుకను వాన కోసి చేసిన లోయలవి. ఎండాకాలంలో వెలిసిపోయినట్టుంటాయి. వానలు తగ్గిన ఈ రోజుల్లో మట్టి రంగు ముదిరి, గట్ల అంచున గడ్డి పచ్చగా, మధ్యలో జీడిమామిడి చెట్లు కడిగినట్టుంటాయి. ఏడింటిలోపు వెళ్తే నీడ పడి లోతు కనిపిస్తుంది. అంచుల మీదకు పాపను వెళ్లనివ్వకండి, మట్టి తడిగా ఉంటే విరిగిపడుతుంది.

భీమిలిలో ఏరు కలిసే చోటికి వెళ్లండి. వానల తర్వాత కాబట్టి గోస్తని నీళ్లు కాస్త మట్టి రంగులో ఉంటాయి. అవి సముద్రపు నీలంలోకి వెళ్లి వెంటనే కలవకుండా కొంతదూరం గోధుమ రంగు చారగా కనిపిస్తాయి. తీరంలో అలివి వల లాగుతుంటే పాపను నిలబెట్టి చూపించండి. రెండు వైపులా జనం తాడు పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తుంటే వల అంగుళం అంగుళం ఒడ్డుకు వస్తుంది. నీళ్లలోకి మాత్రం దిగవద్దు. మా వైజాగ్ తీరమంతా లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, అల వెనక్కి లాగుతుంది. ఏటా ప్రాణాలు పోతున్నాయి.

అక్కడినుంచి తగరపువలస మీదుగా పద్మనాభం వైపు తిరగండి. నా లెక్కలో మీ ప్రయాణం మొత్తానికి ఇదే ముఖ్యం, పర్యాటకులు దాదాపుగా రాని దారి కూడా ఇదే. రెండు పక్కలా వరి. ఆ సమయానికి కొన్ని మళ్లు ఇంకా పచ్చగా ఈనుతుంటాయి, కొన్నిట్లో గింజ పాలు పోసుకుంటుంది, ముందుగా నాటినవి పసుపుకు తిరిగి కంకి వంగిపోయి ఉంటుంది. పక్కపక్క మళ్లలో మూడు వయసుల పంట ఒకేసారి కనబడేది ఈ రెండు మూడు వారాలే. నెలాఖరుకు అంతా ఒకే బంగారు రంగు, డిసెంబరుకు కోతలు.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు మావగారు ఒక కంకి తుంచి, గింజను గోటితో నొక్కి చూపించారు. తెల్లటి చుక్క బయటికి వచ్చింది. "ఇదిగోనమ్మా, నువ్వు తినే అన్నం ఇదే. ఇప్పుడింకా పాలే" అన్నారు. అమ్మాయి దాన్ని నాలుకకు రాసుకుని తియ్యగా ఉందంది. ఆ తర్వాత ఆయన గట్టు మీద కూర్చుని, కోతకు కొద్ది రోజుల ముందు నిలబడి ఉన్న వరిలోనే మినుములు, పెసలు ఎందుకు చల్లుతారో చెప్పారు. వరికి పెట్టిన నీటి చెమ్మ మట్టిలో మిగిలి ఉంటుంది. వరి కోసేసరికి మొలక వచ్చేసి, ఆ చెమ్మతోనే రెండో పంట నడిచిపోతుంది. అప్పటికి నాకు నలభై ఏళ్లు. అన్నేళ్లూ ఆ పొలాల పక్కనుంచి వెళ్తూ కూడా ఈ సంగతి తెలియనందుకు బాధ కలిగింది.

పొలం గట్ల మీద కంది మొక్కలు పసుపు పూలతో ఉంటాయి. ఏటి గట్టున రెల్లు తెల్లగా పూసి ఉంటుంది, నవంబరుకు కొంత రాలిపోయినా పూర్తిగా పోదు. ఈత చెట్లకూ తాటి మట్టలకూ గిజిగాడి గూళ్లు వేలాడతాయి. కరెంటు తీగల మీద పాలపిట్ట దొరకడం కష్టమేమీ కాదు. రెక్క విప్పినప్పుడు ఆ నీలం చూపించండి, పాప మర్చిపోదు. గట్టు మీద నడిచేటప్పుడు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, ముందు కర్రతో గడ్డిని కదిలించండి. అది పాముల చోటు. రైతు కనబడితే ముందు పలకరించి, అడిగి దిగండి. మా వైపు అడిగితే కాదనే మనిషిని నేను చూడలేదు.

పద్మనాభంలో కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి. మీ అమ్మగారు కింద కుంతీమాధవస్వామి గుడి దగ్గర కూర్చోవచ్చు, మీరూ పాపా ఎక్కి రండి. పైనుంచి చూస్తే ఏరు వంపు తిరుగుతూ, మళ్లు గళ్ల చీరలా పరిచినట్టు కనబడతాయి. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఈ ఊరి దగ్గరే. పాపకు ఆ కథ కూడా చెప్పండి.

తిరిగి వచ్చేటప్పుడు ఆనందపురం పూల మార్కెట్ దారిలో పడుతుంది. అసలు సందడి తెల్లవారుజామున. చామంతి, బంతి మూటలు విప్పుతుంటే ఆ వాసన రోడ్డు దాకా వస్తుంది. వీలైతే రెండో రోజు అరకు బయల్దేరేటప్పుడు చూడండి.

రెండో రోజు కొండ ఎక్కండి. నాకు రైలే ఇష్టం. కిరండోల్ వెళ్లే బండి విశాఖ నుంచి ఉదయాన్నే బయల్దేరుతుంది. ఆ లైనులో 58 సొరంగాలున్నాయి, పిల్లలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. అద్దాల పెట్టెలో సీటు కావాలంటే చాలా ముందుగా బుక్ చేసుకోండి. కారులో వెళ్తే శృంగవరపుకోటకు ముందు తాటిపూడి వైపు తిరిగి, కొండల మధ్య నిండుగా ఉన్న ఆ నీళ్లు పది నిమిషాలు చూసి ముందుకు సాగవచ్చు.

అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో ఆగండి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, వాటి నీడలో కాఫీ. నవంబరులో కాయలు ఒక్కొక్కటిగా ఎర్రబడతాయి. ఒకే గుత్తిలో పచ్చవీ ఎర్రవీ కలిసి ఉంటాయి కాబట్టి పండినవి మాత్రమే ఏరి చేత్తో కోయాలి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కప్పులో తాగేటప్పుడు ఆ కాయలు ఏరిన చేతులను తలచుకోవాలని నాకనిపిస్తుంది.

ఇక వలిసెలు. అరకు ఫొటోల్లో కనబడే పసుపు పూల పొలాలు ఇవే. చాలామంది పొద్దుతిరుగుడు అనుకుంటారు, కొందరు ఆవ అంటారు. ఇది నూనెగింజల పంట. కొండవాలు మీద, పెద్దగా ఎరువు లేకుండా, వానకే పండుతుంది. పూత బాగా పట్టేది నవంబరులోనే. వలిసె తన పుప్పొడితో తాను దాదాపు గింజ కట్టుకోలేదు, తేనెటీగలు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకెళ్లాలి. పొలం మధ్యలోకి దూరి ఫొటోలు దిగితే మొక్కలు విరగడమే కాదు, ఆ ఈగలు కూడా చెదిరిపోతాయి. కొందరు గిరిజన రైతులు ఫొటోకు పదో ఇరవయ్యో అడుగుతారు. బేరం ఆడకుండా ఇవ్వండి. తొక్కిన మొక్క విలువ అంతకంటే ఎక్కువ. ఒకసారి ఎనిమిది మంది పొలంలో పడి పరుగెడుతుంటే, ఆ ఇంటావిడ గట్టు మీద నిలబడి ఏమీ అనలేక చూడటం నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

ఒక జాగ్రత్త. అక్టోబరు, నవంబరు మాకు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటింది. మా వీధిలో నిలబడి ఉన్న చెట్టు ఒక్కటీ మిగల్లేదు. కాబట్టి బయల్దేరే వారం ముందునుంచే వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే ఘాట్ రోడ్డు మానేయండి, డబ్బు పోయినా పర్వాలేదు. అరకులో రాత్రి చలిగా ఉంటుంది, అమ్మగారికి శాలువా పెట్టండి.

బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, తడిగా కూడా ఉంటాయి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే అది వదిలేసి, మూడో రోజు అనకాపల్లి వైపు కొండకర్ల ఆవకు తీసుకెళ్లండి. తామరలు నిండిన మంచినీటి చెరువు, తాటి దోనెలు కలిపి కట్టిన పడవలు, జంబుకోళ్లు, నీటికాకులు. అరకు నుంచి దిగి వస్తారు కాబట్టి పడవ మాత్రం ఎండ తగ్గాకే ఎక్కండి, ఎండ ముదిరితే పక్షులు తుంగలోకి వెళ్లిపోతాయి.