పంటి సందేహాలు: స్కానర్‌ కొలత, డయాలసిస్‌ వాళ్ళకు స్కాన్‌, కొత్త జెల్‌

ప్రశ్న: కింది దవడ పంటికి రూట్‌ కెనాల్‌ అయింది. నోట్లో ముద్ద పెట్టకుండా స్కానర్‌తోనే కొలత తీసి జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి పదార్థం) క్యాప్‌ వేస్తామంటున్నారు. సరిగ్గా అమరుతుందా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: నిశ్చింతగా చేయించుకోండి. ఒకటి రెండు పళ్ళ వరకు స్కానర్‌ కొలత పుట్టీ (ముద్ద) కొలతకు ఏమీ తీసిపోదు. అసలు పని పన్ను అరగదీయడంలో ఉంది. నమిలే వైపు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు తగ్గించాలి. అంతకన్నా తక్కువ తీస్తే క్యాప్‌ పలచనై చిట్లుతుంది, లేదంటే ఎత్తుగా తగులుతుంది.

కాంతి పడని చోటు స్కానర్‌కు లేనట్టే. అరగదీసిన అంచు చిగురు కిందకు పోయి ఉంటే, చిగురును పక్కకు నెట్టే సన్నని దారం కొన్ని నిమిషాలు పెట్టి, ఉమ్మి, నెత్తురు పూర్తిగా ఆరబెట్టాకే స్కాన్‌ చేయాలి. చిన్న నెత్తుటి చుక్క నిలిచినా మిషన్‌ దాన్నే పన్ను అనుకుంటుంది. ఆ కొలతతో చేసిన క్యాప్‌ అంచున సందు మిగులుతుంది. అది పైకి కనబడదు, లోపల పన్ను మెల్లగా పుచ్చిపోతుంది. అందుకే స్క్రీన్‌ చూపించమని అడగండి. పంటి చుట్టూ అంచు ఎక్కడా తెగకుండా కనబడాలి. తెగితే ఆ ముక్క ఒక్కటే మళ్ళీ స్కాన్‌ చేస్తే చాలు. పుట్టీతో ఈ వెసులుబాటు లేదు, మొత్తం మళ్ళీ తీయాల్సిందే.

ల్యాబ్‌లో జిర్కోనియాను అసలు సైజుకన్నా 20–25 శాతం పెద్దగా చెక్కుతారు. 1500 డిగ్రీల దరిదాపుల్లో కాలాక అది కుదించుకుని సరిపోతుంది. క్యాప్‌ అతికించే ముందు పక్క పళ్ళ మధ్య ఫ్లాస్‌ దారం కొంచెం బిగువుగా దిగాలి. నీలం కాగితం కొరికించి ఎత్తు చూడాలి. ఈ రెండూ చూడకుండా సిమెంట్‌ వేయనివ్వకండి.

ప్రశ్న: నాన్నగారికి డయాలసిస్‌ నడుస్తోంది. పన్ను తీసే ముందు సీబీసీటీ స్కాన్‌ (దవడను మూడు కోణాల్లో చూపే ఎక్స్‌రే) రాశారు. కిడ్నీకి ముప్పా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: కాదు. పళ్ళ సీబీసీటీలో నరానికి రంగు మందు ఎక్కించరు కాబట్టి కిడ్నీల మీద భారం పడదు. రేడియేషన్‌ మాత్రం మామూలు ఓపీజీ (దవడ మొత్తం ఒకే ఫిల్ముగా తీసే) ఎక్స్‌రేకన్నా ఎక్కువ. కావాల్సిన చోటు వరకే తీయమనండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మీ ఉద్దానం వాళ్ళు భయపడాల్సింది నొప్పి మాత్రలకు. డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ సొంతంగా కొని వేయవద్దు. పన్ను డయాలసిస్‌ మర్నాడు తీయించడం మేలు. డయాలసిస్‌లో ఇచ్చిన హెపారిన్‌ (నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ప్రభావం అప్పటికి తగ్గి, నెత్తురు త్వరగా ఆగుతుంది. ముందుగా కిడ్నీ డాక్టరుగారితో ఒక మాట చెప్పించండి.

ప్రశ్న: చిగుళ్ళ జబ్బుకు కొత్త జెల్‌ మీద అధ్యయనంలో చేరమన్నారు. సంతకం పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ముందు సీటీఆర్‌ఐ (దేశంలో క్లినికల్‌ ట్రయల్స్‌, అంటే మనుషుల మీద మందుల పరీక్షల, నమోదు పట్టిక) నంబరు అడగండి. 2009 జూన్‌ 15 నుంచి మన దేశంలో క్లినికల్‌ ట్రయల్స్‌కు ఈ నమోదు తప్పనిసరి. ఆ నంబరుతో వివరాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు.

రెండో ప్రశ్న: జెల్‌ రాయని వాళ్ళకూ స్కేలింగ్‌ (పళ్ళ గార తీయడం) చేస్తున్నారా? స్కేలింగ్‌తోనే చాలా చిగుళ్ళు కుదుటపడతాయి. అది అందరికీ ఒకేలా చేసి, సగం మందికి మాత్రమే జెల్‌ రాస్తేనే జెల్‌ సత్తా తేలుతుంది. మీరు ఏ సగంలో పడతారో చీటీ తీసినట్టే. స్కేలింగ్‌ లేకుండా ఉత్త జెల్‌ రాస్తామంటే చేరకండి.

అంగీకార పత్రం తెలుగులో ఇమ్మని, ఇంటికి తెచ్చి చదవండి. మధ్యలో మానేసినా మీ మామూలు వైద్యం ఆపకూడదు, ఆ మాట పత్రంలో ఉందో లేదో చూసుకోండి. సంతకం చేశాక ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.